పరాసు తాడు

మా ఇంట్లో ఎవరన్నా పనికిమాలిన లెక్క వేస్తే
అవ్వ అనేది: "పరాసు తాడు పట్టుకున్నావా ఏందిరా!"
ఆ మాట ఎక్కడిదని అడిగితే
రొయ్యల బుట్ట దించి, పొగాకు దవడకి తోసి
తన తాతకి తాత, వాడి తాత కాలంలోకి
దూరంగా ఉమ్మేది.

పుదుచ్చేరి నుంచి వచ్చాడంట.
పేరు లాబ్రీ. మా నోళ్ళలో లాబిరిదొర.
గుర్రం తడ దగ్గర బురదలో దిగబడితే
దాన్ని అక్కడే అయినకాడికి అమ్మేసి
ఏకొల్లు పోలిగాడి పడవెక్కాడు.
చంకలో రాగిపెట్టె, మెడలో గొట్టం,
ముడులేసిన తాడు, తాడు కొసన సీసపు గుండు.
ఈ నీళ్ళ అవతల ఒక పెద్ద ఏరుందనీ
ఆ ఏరెంట పోతే వజ్రాల సీమేననీ
ఎవరు నూరిపోశారో ఆ మనిషికి.
పులికాటుని కనిపెట్టడానికి వచ్చానన్నాడు.

కనిపెట్టడమంటే ఏందని
దుబాసీని అడిగాడు పోలిగాడు.
దుబాసీ తల గోక్కుని, "ఉండేదాన్ని చూడటం" అన్నాడు.
"ఓస్, అంతేనా.
మేం పుట్టినకాడ్నించీ దీన్ని
కనిపెట్టుకునే ఉండాం గదా."

దొర గుండు వేస్తాడు, ముడులు లెక్కపెడతాడు, రాస్తాడు.
పోలిగాడు గడ కూడా ముంచకుండా
నీళ్ళ రంగు చూసి చెప్తాడు:
చీలమండ. మోకాలు. మొలబంటి.
ఇరకం దీవికి పడమట, గొంతుబంటి.
"ఎవరి గొంతు?" నవ్వాడు దొర.
"నాదే. మునిగేది నేనే గదా."

ఒక తెల్లారుజామున వేనాడు వైపు
నీళ్ళ మీద ఎర్రటి బారు కనపడింది.
ఇంగిలీసు పటాలం!
దీపం ఆర్పి, కాగితాలు పొట్టకింద దాచి
పడవలో బోర్లా పడుకున్నాడు దొర.
పటాలం మాత్రం
తలలు నీళ్ళలో ముంచి నాచు మేస్తా ఉంది.
ఎండెక్కాక రెక్కలిప్పి ఎగిరింది.
పోలిగాడు నవ్వలేదంట.
భయమేసినోణ్ణి చూసి నవ్వితే
ఆ రోజు వల ఖాళీగా వస్తదని.

రోజూ వేలు ముంచి నాలిక్కి రాసుకునేవాడు.
కార్తీకంలో, కాళంగి పొంగినప్పుడు,
"తీపి. ఇది చెరువు" అని రాశాడు.
వైశాఖంలో, "ఉప్పు. ఇది సముద్రం."
మొదటిది కొట్టేశాడు.
రెండోది కూడా కొట్టేశాడు.
చలిజ్వరంతో పళ్ళు టకటకలాడుతుంటే
పోలిగాడి చెయ్యి పట్టుకుని
ఒట్టేసి చెప్పమన్నాడు, ఇది ఏదని.

"ఎప్పుడు అడగతా ఉండావు దొరా?"

జ్యేష్ఠంలో, ఏడు ముడుల లోతని రాసిన చోట
పోలిగాడి పెళ్ళాం కూర్చుని ఉప్పు గీరుతోంది.
లాబిరిదొర ఆమె ఎదురుగా చతికిలబడి
పటం ఒకసారి, నేల ఒకసారి చూశాడు.
పటం పట్టుకుపోయాడు.
ఎక్కడ చేరిందో, చెదలు తిన్నాయో.
తాడు మాత్రం ఆమెకి ఇచ్చిపోయాడు.
ముడులుంటే వల జారదని
గోళ్ళతో, పళ్ళతో ఒక్కోటీ విప్పి
దాన్ని వలకి పైతాడు చేసుకుందామె.

ఇప్పుడు నేను
మత్స్యశాఖలో కాంట్రాక్టు కుర్రాణ్ణి.
పడవ ముక్కుకి కట్టిన పెట్టె
నీళ్ళలోకి శబ్దం వదిలి లోతు పట్టుకొస్తుంది.
టాబ్లెట్‌లో ఒక గడి: నీటి రకం.
తీపి, ఉప్పు. ఏదో ఒకటి నొక్కాలి.
ఫోన్లో ఆఫీసరు తొందరపెడుతున్నాడు.
"ఏ నెలకి సార్?" అన్నాను.
"ఏంది?" అన్నాడాయన.

రాయదొరువు మొగ దగ్గర
పడవ ఇసకలో దిగబడింది.
ప్యాంటు మడిచి, దిగి, తోశాను.
లోతు గడిలో చీలమండ అని కొట్టాను.
తీసుకోలేదు.
అంకెలు మాత్రమే, అంది ఎర్రగా.